పెరట్లో కప్పెట్టిన డబ్బా

కుర్ర డాక్టర్లు కనిపించినప్పుడల్లా ఒకటే ప్రశ్న. "మేడం, మీ సర్వీసులో మర్చిపోలేని కేసు ఒకటి చెప్పండి." చెప్పబోతే వాళ్ళకు కావలసింది వేరే. ఆరు గంటల ఆపరేషను, రక్తం ఆగక అందరికీ చెమటలు పట్టడం, చివర్లో చప్పట్లు. అలాంటివి నా దగ్గరా ఉన్నాయి. వాటిలో నేను కొత్తగా నేర్చుకున్నది ఏమీ లేదు. అప్పటికే వచ్చిన పని చేతులు చేసుకుపోయాయి, అంతే. నాకు బుద్ధి చెప్పింది మాత్రం ఒక ప్లాస్టిక్ డబ్బా. రెండు కిలోల ఆవకాయ పట్టే డబ్బా. దాని గురించి చెబుతాను. వినేవాళ్ళు వినండి, మిగతావాళ్ళు ఫోన్లు చూసుకోండి. ఎలాగూ అదే చేస్తారు.

నేను ఆడవాళ్ళకు వచ్చే క్యాన్సర్లకు ఆపరేషన్లు చేసేదాన్ని. ముప్పై ఏళ్ళు విశాఖపట్నంలోనే. మా ఆసుపత్రి ఏదన్నది మీకు అనవసరం. కింద కాన్పుల వార్డు, పైన మా థియేటరు. క్యాన్సరు ఉందో లేదో, ఎంత దూరం పాకిందో తేల్చి చెప్పే పాథాలజీ ల్యాబు మాత్రం ఆ ఆవరణలో లేదు. రెండు కిలోమీటర్ల అవతల పాత భవనంలో ఉండేది. కొత్త భవనం కట్టినప్పుడు ల్యాబుకు గది వదలడం మర్చిపోయారు. నవ్వకండి, ఒట్టు. సూపరింటెండెంటు గదికి మాత్రం రెండు బాత్రూములు పెట్టారు.

అంచేత మేము ఆపరేషన్‌లో తీసిన ప్రతి ముక్కా డబ్బాలో పడి, పాడవకుండా ఫార్మలిన్ పోయించుకుని, అటెండరు బండి మీద ల్యాబుకు ప్రయాణం చేయాలి. ఆ అటెండరు శనివారం రాడు. ఎందుకు రాడని అడిగితే ఒక్కొక్కరూ ఒక్కో కారణం చెప్పేవాళ్ళు. శనివారం ఆపరేషన్లు మాత్రం ఉండేవి. కాబట్టి ఆ ఒక్కరోజూ డబ్బా రోగి తాలూకు మనుషుల చేతికే ఇచ్చి పంపడం అలవాటైపోయింది. అది తప్పని నాకు తెలుసు. తెలిసి కూడా ఏళ్ళ తరబడి ఊరుకున్నాను, రాసిపెట్టుకోండి.

దీనికి తోడు ఆ ఏడాది ఒక పరిశోధన మా నెత్తిన పడింది. పడిందంటే, నేనే పోయి నెత్తిన పెట్టించుకున్నాను. గర్భసంచి ముఖద్వారం దగ్గర క్యాన్సరు చిన్నగా ఉన్నప్పుడు గర్భసంచితో పాటు రెండు పక్కలా ఉండే లింఫ్ గ్రంథుల్ని కూడా తీసేస్తాం. ఆ గ్రంథుల్లోకి జబ్బు పాకితే ఆపరేషనొక్కటే సరిపోదు, రేడియేషన్ ఇవ్వాలి. పాకకపోతే అక్కర్లేదు. కానీ గ్రంథులన్నీ ఊడ్చేస్తే కొందరికి కాళ్ళు వాచిపోయి జన్మంతా ఆ వాపుతోనే బతుకుతారు. ముందుగా నీలం మందు ఎక్కిస్తే ఏ గ్రంథికి మొదట రంగు పడుతుందో దాన్నొక్కదాన్నే పరీక్షించి, మిగతావాటిని వదిలేయొచ్చా? ఇదీ మా ప్రశ్న. మంచి ప్రశ్నే, ఇప్పటికీ అంటాను. కానీ ఆ ఫారాలున్నాయే! ఒక్కో మనిషికీ పెళ్ళి ఆల్బమంత ఫైలు. వాటిని చూడ్డానికి ఒక రీసెర్చ్ డాక్టరమ్మను వేశారు. తెలివైన పిల్లే, కష్టపడేది. చేతిలో ట్యాబు, నోట్లో ప్రోటోకాల్. నాకు తల ప్రాణం తోకకొచ్చేది.

ఇక ఆ మనిషి సంగతి. ముప్పై తొమ్మిదేళ్ళు. కంచరపాలెంలో రైలు కట్ట పక్క సందులో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. భర్త ఉక్కు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని. ఇద్దరు ఆడపిల్లలు. కన్నవారి ఊరు ఎలమంచిలి దాటాక లోపల. మొదటిసారి వచ్చినప్పుడు మంచం మీద పడుకుని, పైకి చూస్తూ, "మేడం, మీ జాకెట్టు ఎడమ బుజం దిగిపోనాది, టైలరు కొలత తప్పు తీసినాడు" అంది. ఆ మాట నిజమే. నాకు కోపం వచ్చిందనుకోండి, అది వేరే విషయం.

బయాప్సీలో క్యాన్సరని తేలింది. భర్త నన్ను వరండాలోకి పిలిచాడు. "మేడం, దండం పెడతాను, దానికి సెప్పకండి. బెంగెట్టీసుకుంటది. గర్భసంచిలో పుండు, తీసీత్తే సరిపోద్దని సెప్పినాం" అన్నాడు. మనవాళ్ళు అందరూ అడిగేదే. నేను అందరికీ ఒప్పుకున్నట్టే ఇతనికీ ఒప్పుకున్నాను. పేషెంట్లు ఎదురుగా వరసలో ఉంటే వాదించే ఓపిక ఎవరికుంటుంది చెప్పండి? మరి పరిశోధనకు ఒప్పుకోలు పత్రమో? తొమ్మిది పేజీలది. మా డాక్టరమ్మ చదివి వినిపించింది. క్యాన్సరన్న మాట వచ్చిన చోటల్లా "జబ్బు" అని చదివింది. ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ అని చూపిస్తే ఆవిడ సంతకాలు పెట్టింది. నేను అక్కడే ఉన్నాను. ఎదురుగా కూర్చుని వేరే రిపోర్టు చూసుకుంటున్నాను.

ఆపరేషను ఒక శనివారం. చక్కగా జరిగింది. మీలో ఎవరికైనా అంత శుభ్రంగా ఆ ఆపరేషను చేయడం వస్తే నాకు కబురు పెట్టండి. గర్భసంచి పెద్ద డబ్బాలోకి, నీలం రంగు పడ్డదానికి దారం కట్టి, కుడి గ్రంథులూ ఎడమ గ్రంథులూ రెండు చిన్న సీసాల్లోకి. థియేటరు సిస్టరు మూతలు బిగించి, ప్లాస్టరు చుట్టి, మూడూ కలిపి ఒక కవర్లో కట్టింది. ఆవిడ నాతో ఇరవై ఏళ్ళు పనిచేసిన మనిషి. కట్టు కట్టిందంటే కత్తెరకి కూడా లొంగదు.

అంతకు ముందే ట్రేలో పెట్టి బయట కూర్చున్న ఇంటివాళ్ళకు చూపించాం. మన దగ్గర అది తప్పదు. తీసినది కళ్ళతో చూస్తే తప్ప ఎవరూ నమ్మరు. భర్త తల పక్కకు తిప్పేసుకున్నాడు. ఆవిడ తల్లి మాత్రం దగ్గరకొచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది.

"నా మనవరాళ్ళిద్దరూ ఇందులోనే పెరిగినారు కదమ్మా" అంది.

"ఆఁ, ఇందులోనే" అన్నాను. అవతల రెండో కేసు టేబులెక్కింది.

"మాకిచ్చీత్తారా?"

"మీకే ఇస్తారు. అక్కడ కూర్చోండి" అని లోపలికి వెళ్ళిపోయాను. ల్యాబుకు పట్టుకెళ్ళడం గురించే అడుగుతోందని నా లెక్క. శనివారం కదా. సిస్టరు కవరు తెచ్చి "జాగ్రత్తమ్మా, మూత తీయకండి" అని ఆవిడ చేతిలో పెట్టింది. ల్యాబు అడ్రసు చీటీ కవరు మీదే అంటించి ఉంది. ఇంగ్లీషులో! మా డాక్టరమ్మ ట్యాబులో "పంపబడింది" అనే గడి నొక్కింది. పంపబడింది సుమా. ఎక్కడికి అని ఆ గడిలో అడగలేదు.

పేషెంటు బాగా కోలుకుంది. ఆరో రోజుకు ఇంటికి పంపించాం. రిపోర్టు మామూలుగా వారంలో వస్తుంది. రాలేదు. పదో రోజుకి ల్యాబు వాళ్ళ మీద అరిచాను. వాళ్ళు ఎదురు అరిచారు, అసలు అలాంటి పేరుతో డబ్బా రాలేదని. పన్నెండో రోజున అందర్నీ నిలబెట్టి అడిగాను. సిస్టరు ఇచ్చేశానంది. డాక్టరమ్మ ట్యాబు చూపించింది. ల్యాబులో రిజిస్టరు చూపించారు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం!

చివరికి భర్తకు ఫోను చేశాను.

"బాబూ, ఆ రోజు డబ్బా ల్యాబులో ఎవరి చేతికిచ్చారు?"

"ల్యాబేటి మేడం? మా అత్త ఊరికి అట్టుకెళ్ళిపోనాది కదా."

"ఊరికా? ఊరికెందుకయ్యా?"

"కప్పెట్టీడానికి. మర్నాడే అయిపోనాది. పద్ధతిగానే సేసినాం మేడం, మీరేటీ అనుమానం పెట్టుకోకండి."

అప్పుడు నేనన్న మాటలు ఇక్కడ రాసేవి కావు. ఫోను పెట్టేసి సిస్టరు మీద పడ్డాను. ఆవిడ కాసేపు పడి, ఇక పడలేక, "నన్నంటారేటి మేడం? కింద కాన్పుల వార్డులో రోజూ బిడ్డతో పడిన మాయని కవర్లో పెట్టి ఇంటోళ్ళకి మనమే ఇత్తన్నాం కదేటి? ఆళ్ళు కుండలో పెట్టి పెరట్లో కప్పెడతారు. ఆ ముసలామె కూతురి కాన్పులు రెండూ ఇక్కడే అయినాయి. రెండుసార్లూ కవరు అట్టుకెళ్ళింది. ఇదీ అలాంటిదే అనుకుంది. మనం కాదని సెప్పినామా?" అంది.

చెప్పలేదు. నేనైతే "మీకే ఇస్తారు" అని కూడా అన్నాను.

ఇంతలో మా డాక్టరమ్మ మెల్లగా, "మేడం, స్పెసిమెన్ దొరకనప్పుడు ప్రోటోకాల్ ప్రకారం ఈ కేసును అధ్యయనంలోంచి తీసేయాలి" అంది.

"ఫైల్లోంచి నువ్వు తీసేస్తావు తల్లీ, ఆవిడ ఒంట్లోంచి ఎవరు తీస్తారు?" అన్నాను. పాపం, ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ మీరే ఆలోచించండి. ఆ సీసాల్లో గ్రంథులు చూడకుండా నేనేం చేయాలి? రేడియేషన్ ఇవ్వకుండా వదిలేస్తే, జబ్బు గ్రంథుల్లో కూర్చుని ఉంటే, రెండేళ్ళలో మళ్ళీ వస్తుంది. అప్పుడు ఇక నా చేతిలో ఏమీ ఉండదు. పోనీ ఎందుకైనా మంచిదని ఐదు వారాలు రేడియేషన్ పెట్టించేస్తే, అనవసరంగా ఆవిడ పేగులూ మూత్రసంచీ జన్మంతా కాలబెట్టినట్టు. ఆ ఇద్దరు పిల్లల తల్లి బతుకు ఎలమంచిలి అవతల ఒక కుండలో ఉంది. మూత తీసి ఫార్మలిన్ పారబోసి ఉంటే అంతా కుళ్ళిపోయి ఉంటుంది. దారి పొడుగునా నా భయం అదే.

మర్నాడు పొద్దున్నే నా కారులో బయల్దేరాం, నేనూ సిస్టరూ. అనకాపల్లి దాటేవరకూ లారీల వెనకే. ఆవిడ కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తోంది. "అదేదో ఆ రోజే కవరు చేతికిచ్చేటప్పుడు చేసుంటే బాగుండేది" అన్నాను. "ఆ రోజు మీరు తొందరపెట్టేత్తన్నారు కదా, ప్రభువుని తలుసుకోడానికి టయమెక్కడిది" అంది కళ్ళు తెరవకుండానే.

ఊళ్ళోకి వెళ్ళేసరికి పేషెంటు వసారాలో మంచం మీద ఉంది. పుట్టింట్లో విశ్రాంతికి వచ్చింది. నన్ను చూసి సంతోషపడి లేవబోయింది. భర్త మా ఫోను విని ముందురోజే వచ్చి కూర్చున్నాడు. ముసలామె మజ్జిగ తెచ్చింది. నేను మజ్జిగ పుచ్చుకోకుండానే విషయం చెప్పాను, ఆ కుండ తవ్వి తీయాలని.

"ఓలమ్మో! కప్పెట్టిందాన్ని పైకి తీత్తారేటి?" అంది ముసలామె. "మా గుంట, ఇదిగో నా కూతురు, దీని మాయ అక్కడే ఉంది. దాని పిల్లల మాయలూ అక్కడే. తవ్వితే ఆ పిల్లలకి తగులుద్ది. మీరు పెద్ద డాక్టరే కావొచ్చు, నాను ఒప్పను."

నేను నెమ్మదిగా చెప్పాను. మళ్ళీ చెప్పాను. సిస్టరు చెప్పింది. ముసలామె వెనక్కి తగ్గితేనా! చేతిలో చీపురుతో పెరటి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. నా ఓపిక అయిపోయింది.

"పిల్లలకు తల్లి కావాలా, కుండ కావాలా?" అని అరిచాను.

భర్త నా వైపు చూసి గబగబా తల అడ్డంగా ఊపాడు. అప్పటికే ఆలస్యం అయిపోయింది. మంచం మీద ఆవిడ లేచి కూర్చుంది.

"నాకేటైనాది మేడం?"

తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది, నేను భర్త మొహం చూశాను. నా పేషెంటుకు జవాబు చెప్పడానికి అతని అనుమతి కోసం చూశాను! అతను తల దించేసుకున్నాడు. ఇక తప్పక చెప్పాను. పుండు కాదు, క్యాన్సరు. చిన్నదే, తీసేశాం. పాకిందా లేదా అన్నది ఆ సీసాల్లో చూస్తేనే తెలుస్తుంది. పాకి ఉంటే ఇంకా వైద్యం చేయాలి.

ఆవిడ ఏడవలేదు. వేళ్ళతో దుప్పటి అంచు మడత పెడుతూ, విప్పుతూ కూర్చుంది.

"ఎన్నాళ్ళయి తెలుసు మీకు?"

"మూడు నెలలు."

"ఈయనకి?"

"మూడు నెలలు."

"అమ్మకి?"

ముసలామె చీపురు వదిలేసి గోడకి ఆనుకుని కూలబడింది.

"ఆ కాయితాల మీద ఇక్కడెట్టు ఇక్కడెట్టు అని సంతకాలు ఎట్టించుకున్నారు" అంది ఆవిడ నాతో. గొంతు పెంచలేదు. పెంచితే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది. "నాను టెన్త్ పాసయినాను మేడం. సదువుకోమని సేతికిచ్చుంటే సదువుకుందును. ఆ డబ్బా కూడా నా ఒంట్లోదే కదా. ఇదిగో, ఇది ఫలానా, ఇక్కడ ఇయ్యాల అని నాతో ఒక్క మాటంటే, కుట్ల మీద సెయ్యేసుకుని ఎల్లయినా ఇచ్చీసి వచ్చుందును. ఊరందరికీ సెప్పినారు, నాకు తప్ప."

పక్కనే సిస్టరు ముక్కు తుడుచుకుంటోంది.

ఆవిడ భర్త వైపు తిరిగింది. "గునపం అట్టుకురా. అమ్మా, ఎక్కడెట్టినావో సూపించు."

తల్లి ఇంకేదో అనబోయింది. "నా పిల్లలకి తగిలితే నాను సూసుకుంటాను, సూపించు" అంది కూతురు. ముసలామె లేచి, ఏడుస్తూనే వెళ్ళి, పశువుల సాల వెనక చూపించింది. భర్త తవ్వాడు. మూరెడు లోతులో కొత్త కుండ తగిలింది. కుండ మీద పసుపు, లోపల పసుపు గుడ్డ. ఆ గుడ్డలో మా కవరు, సిస్టరు వేసిన ముళ్ళతో సహా! మూత మీద ప్లాస్టరు చెక్కు చెదరలేదు. ఫార్మలిన్ నిండుగా ఉంది. "ఘాటు కంపు కొట్టింది, అందుకే మూత జోలికెళ్ళలేదు" అంది ముసలామె. నేను ఆ మట్టిలోనే కూలబడి డబ్బా ఒళ్ళో పెట్టుకున్నాను. పెళ్ళినాటి పట్టుచీరలా దాన్ని పట్టుకుని కూర్చున్నానని సిస్టరు తర్వాత అందరికీ చెప్పింది.

బయల్దేరేటప్పుడు తల్లి కారు కిటికీ దగ్గరకొచ్చి, "సూసీసేక మళ్ళీ తెచ్చియ్యండమ్మా" అంది. చూద్దాం అన్నాను. మా ఆసుపత్రి భాషలో చూద్దాం అంటే లేదని. అది కూడా అబద్ధమే, కాదా?

ల్యాబులో డబ్బా నేనే స్వయంగా ఇచ్చి సంతకం చేయించుకున్నాను. కవరుకు పసుపేమిటని అడిగారు. మీకెందుకు, కోయండి అన్నాను. అధ్యయనం తాలూకు ఫారంలో ఆలస్యానికి కారణం రాయాలి. డాక్టరమ్మ "రోగి బంధువుల అజ్ఞానం" అని రాసుకొచ్చింది. కొట్టేయమన్నాను. ట్యాబులో కారణానికి నాలుగే గళ్ళున్నాయట: రోగి నిరాకరణ, రవాణా లోపం, ల్యాబు లోపం, ఇతరములు. ఇతరములు నొక్కించి, "మేము చెప్పలేదు" అని రాయించాను. పై వాళ్ళ దగ్గర్నుంచి వివరణ కోరుతూ ఉత్తరం మీద ఉత్తరం వచ్చింది. ప్రతిదానికీ అదే ముక్క రాసి పంపించాను. ఆ తర్వాత శనివారం అటెండరు రావడం మొదలుపెట్టాడు. ముప్పై ఏళ్ళలో నేను సాధించిన పరిపాలనా సంస్కరణ అదొక్కటే.

ఆవిడ ఇప్పుడు బాగానే ఉంది. మీరు బెంగ పడతారని ముందే చెప్పేస్తున్నాను. నా జాకెట్లు ఆవిడే కుడుతుంది. మధురవాడలో ఇంటి నుంచి కంచరపాలెం అంత దూరం జాకెట్టుకెందుకని మా ఇంట్లో వాళ్ళు వేళాకోళం చేస్తారు. చేసుకోనీండి. నేను చెప్పదలచుకున్నది రిపోర్టు వచ్చిన రోజు సంగతి.

రిపోర్టు వచ్చేసరికి ఆపరేషనై మూడు వారాలు. ముగ్గురూ వచ్చారు. తల్లి తలుపు దగ్గర నిలబడింది. ఆవిడ నా ఎదుట స్టూలు మీద కూర్చుంది. భర్త నా బల్ల పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కుడివైపు గ్రంథులు శుభ్రం. ఎడమవైపు ఒకటి, మొదట నీలం రంగు పడ్డదే, అందులో జబ్బు ఉంది. రేడియేషన్ తప్పదు. ఆ కుండ తవ్వకపోయి ఉంటే మాకు తెలిసేదే కాదు. రెండుసార్లు చదువుకుని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను. ఆ తర్వాత కుర్చీ కొంచెం పక్కకు జరుపుకుని, గొంతు తగ్గించి, "చూడు బాబూ" అని భర్తతో మొదలుపెట్టాను.

"మేడం" అంది ఆవిడ. "నానిక్కడున్నాను."

భర్త రెండడుగులు వెనక్కి వేశాడు. నేను కుర్చీ ఇటు తిప్పుకుని, కాగితం ఆవిడ చేతికిచ్చాను. ఆవిడ ఒక్కో వరస మీదా వేలు పెట్టుకుంటూ, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటూ కిందికి వచ్చి, ఎడమ అన్న చోట వేలు ఆపింది.

"ఇదేటి?" అంది.

చెప్పాను.